ఎడమకాలు

కొత్త కెప్టెన్ ఉరుకుతున్నడు.
ఓడ కడుపుల పొడుగాటి వరండా,
ఎర్రలైట్లు, గంటలు, పొగ,
వాటి నడుమ లేడిపిల్ల లెక్క ఉరుకుతున్నడు.
నేను రిమోట్ పక్కకు పెట్టి
"అక్కా, వీని మోకాలు బాగైంది" అన్న.
అక్క పప్పు చెరుగుడు ఆపలే.

ఇరవై మూడో ఎపిసోడ్.
మర్రిగూడ పంచాయితీ ఆఫీసు, కిటికీల టీవీ,
బయట ఇటుకల మీద మేము.
చోటేమియా మిద్దెక్కి యాంటెన్నా తిప్పుతుంటే
"వచ్చిందా?"
"పోయింది!"
"ఆ, ఆగు, గట్లనే పట్టుకో!"
గీతల వానల చూసినం,
'చుక్కలబండి' గాలితలుపు తెగి
కెప్టెన్ ప్రచేతుని ఎడమ మోకాలు మీద పడుడు.

ఆనాటి సంది యాభై ఎనిమిది ఆదివారాలు కుంటిండు.
శత్రువు ముంగట కుంటిండు, పెండ్లిపీట మీద కుంటిండు,
బరువు లేని కాడ గూడ కుంటిండు.
బరువు లేని కాడ కుంటుడేందిరా అని
సైన్సు సారు సుదర్శనాచారి పడిపడి నవ్విండు.
మేం నవ్వలే.
నొప్పికి బరువుతోని పనిలేదని
మా అండాలక్కకు తెలుసు.
బోరునీళ్లు తాగి తాగి పదమూడేండ్లకే
ఆమె రెండు కాళ్లు బ్రాకెట్లయినయి.

నలభయ్యో ఎపిసోడ్ల ఓడల నీళ్ల మిషిను చెడిపాయె.
అందరు దిగి ఆ గ్రహం మీది
మెరిసే నీళ్లు దోసిట్ల పడుతుంటే
"తాగకుండ్రి!" అని ఒర్లింది అక్క.
ఇటుకల మీదున్నోళ్లంత ఆమె దిక్కు తిరిగిండ్రు.

కిరాణం ఖాతాబుక్కు ఎనక పేజీలల్ల
అన్నీ రాసేది ఆమెనే.
ఎవరు ఎన్నడు సచ్చిండ్రు, ఏ తలుపు ఎటు తెరుసుకుంటది,
రోబో గగ్గోలుకు ఎన్ని వేళ్లు.
ముప్పై ఏడుల కెప్టెన్ కుడికాలు కుంటిండు.
తీసెటోళ్లు మర్సిపోయిండ్రు, అంతే.
మేం మర్వలే. మూడు రోజులు కూసోని
అద్దంలోకానికి పోయొచ్చిండని కత కట్టి
తప్పును ఒప్పుజేసినం.
ఆ పేజీ మీద ఇప్పటికీ పసుపు మరక.

ఇగ ఇప్పుడు కొత్తది.
ఓడకు రంగు మార్చిండ్రు, సరే.
పేరు గొరిగి 'ప్రచ్' అంటున్నరు, సరే.
గగ్గోలుకు ఆడగొంతు పెట్టిండ్రు,
నిజం చెప్పాలంటే పాత గొంతు కన్న నయం.
గాని ఆ మోకాలు?
ఒక గాయం కోసం యాభై ఎనిమిది వారాలు
ఇటుకల మీద కూసున్నోళ్లను
ఒక్కమాట అడగొద్దా?

"నాయినా, ఇది రీబూట్. పాతది లెక్కల రాదు"
అంటది మా ప్రణవి.
అనుకుంట నవ్వుతది. తెల్లటి పండ్లు.
అది పుట్టే యాళ్లకు కృష్ణనీళ్లు నల్లాకొచ్చినయి.
మంచిదే. ఎవలు వద్దన్నరు?
బడికాడ పిల్లలు ఉరుకుతుంటే
దుకాణంల జిరాక్సు మిషిను ఆపి మరీ చూస్త.
నేను నవ్వినప్పుడు మాత్రం పెదవులు తెరువ.
నా పండ్ల మీది గోధుమరంగు చారలు
ఏ ఏడు ఏ నీళ్లో చెప్తయి.
పాత సీజన్ మా ఎముకలల్ల
ఇంక నడుస్తనే ఉన్నది.

నిన్న రాత్రి నాలుగో ఎపిసోడ్.
యుద్ధమైపోయింది. అందరు పోయిండ్రు.
ఒక్కడే నిచ్చెన దిగుతున్నడు ప్రచ్.
ఆఖరి మెట్టు కాడ
కాలు కింద పెట్టబోయి, ఒక్క గడియ ఆగి,
మెల్లగ పెట్టిండు.
బూటు కరిసిందో,
ఆ పిల్లగాడు షూటింగుల అలిసిపోయిండో.
ఎనక్కి తిప్పి చూసిన.
మల్లొకసారి తిప్పిన.
"అక్కా" అన్న.

చాట కింద పెట్టింది.
"ఏ కాలు?"

"ఎడమదే."

గోడ పట్టుకొని లేసి
అర్రలకు పోయింది,
ఖాతాబుక్కు తెచ్చేటందుకు.